లైట్లు కూడా స్టిక్కర్లేనట!

మా రోజుల్లో పోటీకి వెళ్ళిన బండి పోటీ అయ్యాక ఇంటికొచ్చేది. వచ్చి పని చేసేది. తిరనాళ్ళలో జనం ముందు బండ లాగిన జత, రెండు రోజులు ఒళ్ళు తీరాక మిరపచేలో గుంటక లాగేది. మద్రాసులో రేసుకు దిగిన ఫియట్టు సోమవారం పొద్దున ఆఫీసు ముందు ఆగి ఉండేది. పోటీ బండి వేరు, ఇంటి బండి వేరు అన్న ముచ్చటే లేదు. ఇప్పుడో? పోటీ కారు రోడ్డెక్కదు, పోటీ గిత్త చాలు దున్నదు. ఆ పోటీకి కూడా పనికిరాకుండా పోయిన రోజున మాత్రం డబ్బు సంచులు పట్టుకుని కొనేవాళ్ళు బారులు తీరతారు. తోలడానికా? కాదు, నిలబెట్టి చూసుకోడానికి.

నీకెందుకయ్యా ఈ ఏడుపు అంటారేమో. మంగళగిరిలో పాత మద్రాసు-కలకత్తా రోడ్డు పక్కన బతుకంతా మోటారు షెడ్డు నడిపినవాణ్ణి. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు మోసే లారీలు, జిన్నింగు మిల్లులకి పత్తి బోరేలు తోలే లారీలు, కొండకి మొక్కులకొచ్చే అంబాసిడర్లు, అన్నీ నా చేతికింద నుంచి పోయినవే. ఎవరింట్లో పెళ్ళయినా ముందురోజు కారు నా దగ్గరికి వచ్చేది. కాబట్టి బండి గురించి నాలుగు మాటలు అనే హక్కు నాకుందనుకుంటాను. లేదన్నా అంటాను.

మా కూతురి కొడుకు అమెరికాలో షార్లెట్ అనే ఊళ్ళో ఉంటాడు. నార్త్ కరోలినా రాష్ట్రం. బ్యాంకు సాఫ్ట్‌వేరు పని. ఆ ఊరి చుట్టూరా కార్ల రేసు టీముల షెడ్లేనట. నాస్కార్ అని వాళ్ళ రేసుల సంస్థ ఒకటుంది, దాని హాల్ ఆఫ్ ఫేమ్ కూడా అక్కడే 2010లో తెరిచారు. మనవాడికి ఆ పిచ్చి పట్టింది. మొన్న ఫోను చేసి, "తాతయ్యా, ఒక రేసు కారు అమ్మకానికి పెట్టారు, కలెక్టర్ల కోసం. నీకు ఫోటోలు పంపిస్తా, చూసి చెప్పు" అన్నాడు. కలెక్టరంటే నాకు గుంటూరులో ఉండే కలెక్టరుగారే తెలుసు. పాత సామాను పోగేసేవాళ్ళని కూడా అలాగే అంటారని వాడే చెప్పాడు.

ఫోటోలో చూస్తే టొయోటా కామ్రీ. బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర డాక్టర్లు తోలుతుంటారే, అదే మూతి. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. తలుపు గీత ఉంది, తలుపు లేదు. డ్రైవరు కిటికీలోంచి దూరాలి. దూరేముందు స్టీరింగు ఊడదీసి, కూర్చున్నాక మళ్ళీ తగిలించుకోవాలి. హారను లేదు, తాళంచెవి లేదు. స్పీడోమీటరూ లేదు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే మీటరే ఉంది. వీధిలోకి వెళ్ళే పని లేనప్పుడు ఇవన్నీ ఎందుకులే అని సర్దుకున్నా. హెడ్‌లైట్ల దగ్గర మాత్రం ఆగిపోయా. మెరుస్తున్నాయి గానీ లోతు లేదు. "అవి లైట్లు కావు తాతయ్యా, స్టిక్కర్లు. అన్ని కార్లకీ అంతే" అన్నాడు వాడు.

లైటు బొమ్మ అచ్చేసి అంటించారట! ఎందుకురా అంటే, షోరూములో అమ్మే కారులాగా కనపడాలిగా అంటాడు.

లోపల చూద్దాం అన్నా. షోరూములో అమ్మే కామ్రీకి ముందు చక్రాలు లాగుతాయి. దీనికి వెనక చక్రాలు తోస్తాయి. ఆ కామ్రీకి నాలుగు సిలిండర్లు, దీనికి ఎనిమిది. దాదాపు 5.9 లీటర్ల ఇంజను, ఏడొందల గుర్రాలు దాటిన బలం. మా అంబాసిడరుకి ఉన్నదే యాభై అటూ ఇటూ. ఇనప గొట్టాలు అతికి పంజరం కట్టి, దానిమీద రేకు తొడిగి, రేకు మీద కామ్రీ మొహం అంటించారు. కామ్రీ పేరు తప్ప కామ్రీ నట్టు ఒక్కటి లేదు అందులో.

ఒక్కటి మాత్రం నచ్చింది. ఇంజను పుష్‌రాడ్లదే, అంబాసిడరుకి ఉన్నట్టే. పైగా వాళ్ళ పెద్ద రేసుల్లో 2011 దాకా కార్బొరేటర్లే వాడారట. ఇక్కడ మారుతి 800కే 2000 ప్రాంతంలో ఇంజెక్షను వచ్చేసి మా జెట్లు, సూదులు మూలపడ్డాయి. ఏడొందల గుర్రాల బండికి అక్కడ ఇంకా పదేళ్ళు కార్బొరేటరు నడిచిందంటే, ఆ మేస్త్రీలెవరో గాని నా మనుషులు అనిపించింది.

ఆ ముచ్చటా పోయింది. 2022 నుంచి కొత్త రకం కారు పెట్టారు. టీము ఏదైనా చట్రం ఒకే కంపెనీ దగ్గర కొనుక్కోవాలి. రేకు కాదు, అచ్చుపోసిన ప్లాస్టిక్కు లాంటి ఒళ్ళు. చక్రానికి అయిదు నట్లు పోయి మధ్యలో ఒకే పెద్ద నట్టు వచ్చింది. అదివరకు ప్రతి టీముకీ సొంత షెడ్డు, సొంత వెల్డింగు, ఎవడి కిటుకు వాడిది. ఇప్పుడు డబ్బా విప్పి బిగించుకోవడమే. ఈ మార్పుతో అంతకుముందు కార్లన్నీ ఒక్కసారిగా పెద్ద రేసులకి పనికిరాకుండా పోయాయి. కొన్ని చిన్న రేసులకి వెళ్ళాయి, మిగతావి అమ్మకానికొచ్చాయి. మనవాడు చూసింది ఆ బాపతే.

ఇంతకీ ఈ రేసులు మొదలైన తీరు వింటే కడుపు నిండిపోతుంది. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన ఆ సంస్థ పెట్టాడు. మరుసటి ఏడు జూన్ 19న అదే షార్లెట్‌లో మట్టి బాట మీద మొదటి పెద్ద రేసు. షాపులో ఎలా అమ్ముతారో అలాంటి కారుతోనే దిగాలి, నట్టు మార్చకూడదు, అదీ రూలు. లీ పెట్టీ అని ఒక ఆసామి స్నేహితుడి దగ్గర బ్యూయిక్ కారు అరువడిగి తెచ్చాడు. ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని అదే కారులో రేసుకొచ్చి, ఆ కారుతోనే దిగి, పల్టీ కొట్టించాడు. తిరిగి వెళ్ళడానికి బండి లేదు, ఎవరినో బతిమాలుకుని ఇల్లు చేరారట. ఆ లీ పెట్టీ తర్వాత మూడుసార్లు ఛాంపియను. ఆయన కొడుకు రిచర్డ్ పెట్టీ ఏడుసార్లు. స్నేహితుడికి బ్యూయిక్ సంగతి ఏం చెప్పాడో మాత్రం ఎవరూ రాయలేదు.

అదే రేసులో ముందు గెలిచినవాడు గ్లెన్ డనవే. గెలిచాక కారు తనిఖీ చేశారు. వెనక కమాన్లు బలం చేసి ఉన్నాయి. అది సారా తోలే కారు! ట్రంకు నిండా సరుకు వేసినా వెనక కుంగకుండా, పోలీసులు తరిమితే మలుపులో పడిపోకుండా కమాన్లు బిగించుకున్నారు. రూలుకి విరుద్ధమని అతని పేరు కొట్టేసి, రెండోవాడు జిమ్ రోపర్‌కి గెలుపు ఇచ్చారు. అతనిది లింకన్ కారు.

ఈ కథ చెబితే మనవడు నవ్వాడు గానీ నేను నవ్వలేదు. కమాన్ కట్టలో ఒక పట్టీ ఎక్కువ వెయ్యమని నా దగ్గరికి ఎంతమంది రాలేదు? టిక్కీలు నాలుగు ఎక్కువ పడతాయని లారీవాళ్ళు అడిగేవాళ్ళు. 1995లో రామారావుగారు మద్యనిషేధం పెట్టినప్పుడు అంబాసిడర్లవాళ్ళు కూడా అడగడం మొదలెట్టారు. నలుగురు కూర్చునే కారుకి లారీ కమాన్లెందుకు బాబూ అని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. 1997లో నిషేధం ఎత్తేశారు. అంబాసిడర్లకి కమాన్ల జబ్బు కూడా దాంతోనే నయమైంది.

మద్రాసు సంగతి చెప్పాలి. మా రోడ్డు పట్టుకుని నెల్లూరు దాటి అలా వెళితే మద్రాసు ఇంకా రాకముందే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు దిగడానికి వేసిన రన్‌వే అది. యాభైల నుంచి ఎనభైల చివరిదాకా అక్కడ మోటారు రేసులు పెట్టేవాళ్ళు. జనం వేలల్లో వచ్చేవాళ్ళు. కుర్రతనంలో మా మేస్త్రీతో కలిసి లారీ ఎక్కి వెళ్ళాను. అక్కడ నేను చూసిన కారు ఒకటి ఇప్పటికీ కళ్ళముందుంది. ఫియట్ 1100. బంపర్లు లేవు, వెనక సీటు లేదు, సైలెన్సరు కోసేశారు. డోరు మీద బ్రష్షుతో నెంబరు వేశారు, పెయింటు కిందకి కారింది. ముందు లైట్ల మీద నల్ల టేపు అడ్డంగా, నిలువుగా అంటించారు. ఎందుకు మేస్త్రీ అంటే, అద్దం పగిలితే పెంకులు బాట మీద పడి వెనకొచ్చేవాడి టైరు కోస్తాయిరా అన్నాడు. సాయంత్రం రేసు అయ్యాక ఆ కారాయన టేపు పీకి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకుని, వెనక సీటు బిగించి, పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని మద్రాసు వెళ్ళిపోయాడు.

అదండీ. అక్కడ నిజం లైటు మీద టేపు. ఇక్కడ లైటే లేకుండా లైటు బొమ్మ.

అంబాసిడర్లూ దిగేవి, స్టాండర్డ్ హెరాల్డులూ దిగేవి. మన ఊరి డాక్టరుగారికీ, మద్రాసు రేసుగాడికీ ఒకే బండి. మా మేస్త్రీ అక్కడ ఎవరో రేసు మెకానిక్కు టాపెట్లు ఎంత సందు పెడుతున్నాడో కళ్ళారా చూసి, తిరిగొచ్చి మంగళగిరిలో ఒక మిల్లు యజమాని కారుకి అదే పెట్టాడు. ఆయన గుంటూరు నుంచి ఎప్పుడూ లేనంత త్వరగా వచ్చానని కుర్రాళ్ళందరికీ టీలు ఇప్పించాడు. పోటీలో నేర్చింది పల్లెకి రావడమంటే అది. స్టిక్కరు లైట్ల కారు నుంచి నేను ఏం నేర్చుకుని ఎవరి కారుకి పెట్టను?

తర్వాత్తర్వాత షోలవరంలోనూ డబ్బు మాట్లాడడం మొదలైంది. విజయ్ మాల్యా విదేశాల నుంచి ఫార్ములా వన్ కారు తెప్పించి అక్కడ తోలాడు. జనం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. దాని పక్కన ఫియట్టు ఏం నిలబడుతుంది? అయినా ఆ కాలంలోనే ఒక మంచిపని చేసినవాడున్నాడు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం, మన తెలుగు మూలాలున్న నాయుళ్ళు. ఆ ఇంటి కరివర్ధన్ మారుతి 800 ఇంజను తీసుకుని దానిమీద ఒంటిసీటు రేసుకారు కట్టాడు. ఫార్ములా మారుతి. ఊళ్ళో ఏ షెడ్డులోనైనా విప్పి బిగించగల ఇంజను, ఎక్కడైనా దొరికే విడిభాగాలు. దాంతో కోటీశ్వరుడు కాని కుర్రాడు కూడా రేసులోకి రాగలిగాడు. ఆయన 1995లో గాల్లో జరిగిన ప్రమాదంలో పోయాడు. ఆ ఊరి రేసు ట్రాకుకి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని.

ఆ ఫార్ములా మారుతి మీదే చెయ్యి తిప్పుకున్న కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్ళాడు. 2010లో మనవాడు చెప్పే ఈ నాస్కార్‌లోకి కూడా దిగాడు, పికప్ ట్రక్కుల రేసుల్లో. మార్టిన్స్‌విల్‌లో మొదటి రేసుకే 13వ స్థానం. ఆ ఏడాది ఆ రేసులన్నింటిలో జనం మెచ్చిన డ్రైవరు అని ఓట్లేసి ఎన్నుకున్నది ఇతన్నే! ఇక్కడ మనవాళ్ళు ఊరుకుంటారా, ఓట్లు గుద్దేసి ఉంటారు. పంచాయతీ ఎన్నికలకి పిలిస్తే రానివాళ్ళు కూడా వేసుంటారు.

రేసే మన దగ్గరికి వచ్చిన ముచ్చటా ఉంది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ చుట్టూ పెట్టిన కరెంటు కార్ల రేసు టీవీలో చూశాను. చప్పుడు లేదు. మిక్సీ తిరిగినంత కూడా లేదు. ఎవరో ఫ్రెంచివాడు గెలిచాడు. మరుసటి ఏడు జరగనేలేదు.

ఇప్పుడు ఎద్దుల దగ్గరికి వస్తా, నా అసలు కడుపుమంట అక్కడే ఉంది.

మా నాన్నకి ఒంగోలు జాతి కోడెల జత ఉండేది. సంతలో కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. ఒంటిమీద సుడులు ఎక్కడున్నాయో చూసేవాడు. గిట్టలు తట్టి, నాలుగడుగులు నడిపించి, వెనక కాలు ముందు కాలి జాడలో పడుతుందో లేదో చూసేవాడు. బేరం నోటితో ఉండేది కాదు. తుండుగుడ్డ కింద దళారీ, మా నాన్న వేళ్ళు పట్టుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డ నాకు కూడా ఎంతకి కుదిరిందో ఇంటికొచ్చేదాకా తెలిసేది కాదు. ఆ కోడెలు పొలం దున్నేవి, బండి లాగేవి, వడ్లు తొక్కేవి. ఏడాదికోసారి తిరనాళ్ళలో బండ దగ్గరికి తోలుకెళ్ళేవాళ్ళు. గెలిస్తే కొమ్ములకి పసుపు కుంకుమ రాసి ఊరేగింపు. ఓడితే ఆ రాత్రికి మా నాన్న అన్నం తినేవాడు కాదు. తెల్లారితే మాత్రం గెలిచినా ఓడినా కాడి మెడ మీద పడాల్సిందే.

ఇవాళ బండలాగుడు పోటీకి పోండి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, జూనియర్లు, సీనియర్లు. బాగుంది, ఈడుజోడు చూసి దించడం మంచిదే. నిర్ణీత నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు, మైకులో అరుస్తారు. అదీ బాగుంది. కానీ ఆ గిత్త పుట్టి బుద్ధెరిగాక అరక చూసి ఉండదు. లారీ ఎక్కి వస్తుంది, లారీ ఎక్కి పోతుంది. కింద పరుపు, పైన ఫ్యాను. ఉలవలు సరే, బాదంపప్పులు, గుడ్లు. ఫలానా బుల్స్ అని యజమాని పేరు మీద ఫ్లెక్సీలు. జత లక్షల్లో పలుకుతుంది. కొనేవాడు పొలం ఉన్నవాడే కానక్కర్లేదు. మా పక్కన రాజధాని పేరు చెప్పి భూములకి ధరలొచ్చాక, ఉన్న రెండెకరాలు అమ్మేసి గిత్తల్ని కొన్నవాళ్ళూ ఉన్నారు. దున్నడానికి పొలం లేదు, దున్నని ఎద్దు ఉంది. సరిగ్గా జత కుదిరింది.

ఈ పిచ్చికి పెద్దక్క బ్రెజిల్లో ఉంది. ఒంగోలు పశువులు వందేళ్ళ కిందటే ఓడలెక్కి అక్కడికి వెళ్ళాయి. నెల్లూరు పేరు మీద నెలోర్ అంటారు వాటిని. 2023లో వియాటినా-19 అనే ఆవులో మూడోవంతు వాటా వేలం వేశారు. ఆ లెక్కన మొత్తం ఆవు ఖరీదు 40 లక్షల డాలర్ల పైమాటే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆవుని ముక్కలుగా కాకుండా వాటాలుగా అమ్ముతున్నారు. పాలు ఎవరు పిండుకోవాలో తేల్చుకునే గొడవ లేదు, ఆ ఆవు ఖరీదు దాని పాలల్లో లేదు, సంతానంలో ఉంది.

అమెరికా కారు దగ్గరా అంతే. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. బతికున్నప్పుడు గెలిచిన కారుకి, చచ్చాక ఇంకో వెయ్యి ఎక్కువే. ఏ డ్రైవరు తోలాడు, ఏ రేసులో ఎన్నోవాడుగా వచ్చాడు, చట్రం నెంబరు ఎంత, కాగితాలున్నాయా అని చూస్తారు. వాళ్ళ పెద్ద రేసు డేటోనాలో గెలిచిన కారునైతే ఏడాదిపాటు అక్కడే ప్రదర్శనలో పెడతారు. సొట్టలు తియ్యరు, మసి తుడవరు. గెలిచినప్పుడు చల్లిన రంగు కాగితాల ముక్కలు కూడా అలాగే ఉంచుతారు. నా షెడ్డులో బండి కడగకుండా ఇస్తే మా మేస్త్రీ తోలు తీసేవాడు.

పైగా చాలావరకు ఇంజను లేకుండా అమ్ముతారట. ఇంజన్లు టీములవి కావు, అద్దెవి, అవి వెనక్కి వెళ్ళిపోతాయి. దొర్లించుకుపోయే చట్రమూ ఒళ్ళే అమ్మకానికి. మా కొండ మీద పానకాలస్వామి అయినా బిందెడు పానకంలో సగం తాగి సగం తిరిగిస్తాడు, ఆ సగానికి ప్రసాదమని పేరుంది. వీళ్ళు గుండెకాయ ఉంచుకుని చొక్కా అమ్ముతున్నారు.

ఇక్కడ మనవాళ్ళేం తక్కువ తినలేదు. 1996లో కంపెనీ ఆపేసిన యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం కుర్రాళ్ళు కొత్త బండి డబ్బులు పెడుతున్నారు. 2014లో హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్లు చెయ్యడం ఆపేసినప్పుడు మంగళగిరిలో తుక్కు కింద కిలోల లెక్కన పోయినవి నాకు తెలుసు. ఇవాళ అవే బండ్లకి క్రోమ్ వేయించి ఫంక్షన్ హాళ్ళ ముందు నిలబెడుతున్నారు, పెళ్ళికొడుకు ఫోటో దిగడానికి. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషను అని వేరే పెట్టారు. నెంబరులో వి, ఎ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. ఊరేగింపులకీ ప్రదర్శనలకీ తప్ప రోజూ తోలకూడదు. అంటే ప్రభుత్వమే చెప్పేసింది, చూసుకోండి, ఎక్కొద్దు అని.

నవాబుల కాలంలోనూ నిలబెట్టేవాళ్ళు లేరా అని మా వియ్యంకుడు ఎదురు తిరిగాడు. నైజాం నవాబుగారి కోసం 1912లో వచ్చిన సింహాసనం రోల్స్ రాయిస్ వందేళ్ళలో నాలుగొందల మైళ్ళు కూడా తిరగలేదు, దానికేమంటావు అన్నాడు. అది ఊరేగడానికే చేసిన బండి బావగారూ, దాని పని అది చేసింది. పరుగుకని చేసినదాన్ని కూర్చోబెడితేనే నా గోల. కోయంబత్తూరులో జి.డి. నాయుడుగారి కుటుంబం 2015లో పెట్టిన కార్ల మ్యూజియం ఉంది, దానిమీదా నాకు పేచీ లేదు. పిల్లలు ఇంజన్లు చూసి నేర్చుకుంటారు. ఎవడింట్లోనో తాళం వేసిన గదిలో, ఏసీ కింద, గుడ్డ కప్పి పడుకున్న రేసు కారుని చూసి ఎవడేం నేర్చుకుంటాడు?

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయని అనడం లేదు. ప్రాణం విషయంలో నోరు మూసుకుంటా. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసు ఆఖరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ అనే మహా డ్రైవరు గోడకి కొట్టుకుని పోయాడు. ఆ తర్వాత మెడ విరగకుండా హెల్మెట్టుని భుజాలకి కట్టే పట్టీ తప్పనిసరి చేశారు. గోడలకి దెబ్బ మింగే ఇనప దడులు, లోపల నురుగు దిమ్మలు పెట్టారు. ఆయన తర్వాత వాళ్ళ పెద్ద రేసుల్లో ఇంకో డ్రైవరు పోలేదు. 2020లో ర్యాన్ న్యూమన్ కారు అదే డేటోనాలో గాల్లోకి లేచి తిరగబడి పడింది. చూసినవాళ్ళు అయిపోయిందనుకున్నారు. రెండు రోజులకి కూతుళ్ళ చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి నడిచి వెళ్ళాడు. మా రోజుల్లో అంబాసిడరు స్టీరింగు గొట్టం డ్రైవరు గుండెకి సూటిగా ఉండేది. దాని సంగతి మా రోడ్డు మీద ఎన్నిసార్లు చూశానో, అది రాయబుద్ధి కావడం లేదు.

కొని మంగళగిరి పంపిస్తానంటాడేమోనని మనవడికి ముందే చెప్పా. వాడిన కారు మన దేశంలోకి తేవాలంటే మూడేళ్ళకి మించి పాతబడకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అది ఎడమ స్టీరింగు, పైగా ఎడమకే తిరిగే ట్రాకు కోసం పుట్టిన బండి. మన బైపాసు మీద గుంటూరు వెళ్ళడానికి కుడికి కూడా తిరగాలి కదా.

వద్దంటే మానే వయసు కాదు వాడిది. అందుకని కొనేముందు ఏం చూడాలో చెప్పా. రంగు చూడొద్దు, స్టిక్కర్లు అసలు చూడొద్దు. కింద పడుకుని పంజరం గొట్టాలు అతికిన ప్రతి చోటా గోరుతో గీకి చూడు, వెంట్రుకంత పగులున్నా చెయ్యి ఆగుతుంది. చట్రం మీద కొట్టిన నెంబరూ కాగితాల్లో నెంబరూ ఒకటేనా చూడు. గుద్దుకున్న కారు ముక్కు మార్చి అమ్ముతారు, కాబట్టి ముందు గొట్టాల రంగూ వెనక గొట్టాల రంగూ ఒకే వయసుదా చూడు. సీటు బెల్టులకి తేదీ చీటీ కుట్టి ఉంటుంది, రెండేళ్ళు దాటితే పనికిరావు. పెట్రోలు ట్యాంకు లోపల రబ్బరు సంచి ఉంటుంది, దానికీ గడువుంది, అయిదేళ్ళు దాటితే చిట్లుతుంది. మంటలార్పే సీసా ఎప్పుడు నింపారో అడుగు. గేరుబాక్సు నూనె ఒక తెల్ల గుడ్డ మీద పోసి, ఇనప రజను మెరుస్తోందేమో ఎండలో చూడు.

అంతా విని, "తాతయ్యా, నేను దాన్ని తోలను కదా. కింద హాల్లో పెట్టి, పక్కన సోఫా వేస్తా" అన్నాడు.

అయితే ఆ రబ్బరు సంచి ముందే పీకి బయట పారెయ్, చుక్క పెట్రోలు మిగిలినా ఇల్లంతా వాసన కొడుతుంది, మీ ఆవిడ కడుపుతో ఉంది అన్నాను.